కుమ్ములో దుంప, ఓవెన్‌లో వేపుడు

వేపుడు లేని భోజనం మన వాళ్ళకు భోజనమే కాదు. పప్పు ఉన్నా, పులుసు ఉన్నా, పచ్చళ్ళు నాలుగు రకాలున్నా, పక్కన కరకరలాడే ముక్క ఒకటి లేకపోతే విస్తరి బోసిగానే కనిపిస్తుంది. అయితే ఈ దేశంలో పుట్టి పెరిగిన మన పిల్లలకు ‘వేపుడు’ అంటే ఒకటి, ‘ఫ్రైస్’ అంటే మరొకటి. మొదటిది అమ్మమ్మ వచ్చినప్పుడు వండేది. రెండవది కాగితపు సంచిలో వచ్చేది. ఈ రెండింటికీ చుట్టరికం ఉన్నదనీ, అది మనం అనుకొనే దానికంటె పాతదనీ చెప్పడానికే ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము. చివరలో ఇంటి ఓవెన్‌లో కారంగానూ తీపిగానూ ముక్కలు కాల్చుకొనే పద్ధతి కూడా ఉన్నది. చరిత్ర అంటే విసుగుపడేవారు నేరుగా అక్కడికే పోవచ్చును, మేమేమీ అనుకోము.

ముందు పేర్ల సంగతి చూద్దాము. కోస్తా వాళ్ళకది బంగాళాదుంప. బంగాళం వైపు నుంచి వచ్చిన దుంప అని ఆ పేరే చెబుతున్నది. తెలంగాణలో ఆలుగడ్డ, ఉర్దూ ‘ఆలూ’ అందులో ఉన్నది. రాయలసీమలో ఉర్లగడ్డ, తమిళుల ‘ఉరుళైక్కిళంగు’ను తలపిస్తుంది. ఒకే దుంప మూడు గుమ్మాల గుండా తెలుగు ఇంట్లోకి వచ్చి, ఏ గుమ్మం దగ్గర ఆ పేరు పెట్టించుకొన్నది. చిలగడదుంప కథా అంతే. తెలంగాణలో కందగడ్డ, కొన్నిచోట్ల రత్నపురిగడ్డ. సీమలో గెనుసుగడ్డ, కన్నడంలో గెణసు. మా ఊళ్ళో ఒకసారి పండుగ వంటలు పంచుకొన్నప్పుడు ఒక తెలంగాణ సోదరి ‘కందగడ్డ తెండి’ అని చెబితే, గోదావరి జిల్లా ఆయన ఒకరు ఊరంతా గాలించి నాలుగు కేజీల కంద మోసుకొచ్చారు. పాపం, ఆయన తప్పేమున్నది?

మన కంద, చేమ, అరటి, వంకాయలకు ఇంతటి పేర్ల తగాదా లేదు. అవి ఎంతో కాలంగా మన దొడ్లో ఉన్నవే. ఆలుగడ్డ, చిలగడదుంప మాత్రం సముద్రం దాటి వచ్చినవి. ఆలుగడ్డ పుట్టిల్లు దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతాలు. పెరూ, బొలీవియాల నడుమ టిటికాకా సరస్సు ప్రాంతంలో ఏడెనిమిది వేల ఏళ్ళ కిందటే దానిని సాగుచేశారు. అక్కడి వారు రాత్రి మంచులో దుంపను గడ్డకట్టించి, పగటి ఎండలో కాళ్ళతో తొక్కి నీరు పిండి, ‘చూన్యో’ అని ఏళ్ళ తరబడి నిలవ ఉండే ఒరుగు చేసేవారు. మన అమ్మలు మాగాయ ముక్కలు ఎండబెట్టడం చూసినవారికి ఇది కొత్తగా అనిపించదు.

చిలగడదుంప కూడా ఉష్ణమండల అమెరికాదే. కొలంబస్ తన మొదటి ప్రయాణం నుంచి 1493లో తిరిగి వచ్చినప్పుడే స్పెయిన్ వాళ్ళకు దానితో పరిచయమయింది. కరీబియన్ దీవులలోని తైనో జనం దానిని ‘బటాటా’ అనేవారు. ఆలుగడ్డ యూరప్‌కు ఆ తరువాత ఎన్నో దశాబ్దాలకు గాని చేరలేదు. చేరిన తరువాత మాత్రం అన్నగారి పేరు తమ్ముడు లాగేసుకొన్నట్లు, ‘పొటాటో’ అనే మాట ఆలుగడ్డకు స్థిరపడిపోయింది. అసలు సొంతదారుకు ముందు ‘స్వీట్’ అని తగిలించవలసి వచ్చింది. మహారాష్ట్రలో నేటికీ ఆలుగడ్డను బటాటా అనే అంటారు. ఇది పోర్చుగీసు ఓడలు దింపిపోయిన మాట. 1498లో వాస్కోడగామా కాలికట్ చేరిన తరువాత, 1510లో గోవా వారి వశమయిన తరువాత, ఈ దుంపలూ, మిరపకాయా, వేరుశనగా, జీడిమామిడీ ఒకదాని వెంట ఒకటి మన తీరానికి వచ్చినవి.

ఒక్కసారి మన బంగాళాదుంప వేపుడును విడదీసి చూడండి. దుంప అమెరికాది. కారం అమెరికాది. పైన చల్లే వేరుశనగ పొడి అమెరికాది. ఆవాలు, పసుపు, కరివేపాకు, ఉప్పు మనవి. ‘అచ్చ తెలుగు వంట’ అని మనం చెప్పుకొనే ముక్కలో సగానికి పైగా ఈ గోళార్ధం నుంచి వచ్చినదే. మిరప అనే పేరు కూడా మన పాత మిరియం నుంచి తెచ్చి అతిథికి తొడిగినదే.

యూరప్‌లో ఆలుగడ్డకు మొదట్లో మర్యాద దక్కలేదు. కుష్ఠు తెస్తుందని భయపడిన వారూ ఉన్నారు. పార్మాంటియే అనే ఫ్రెంచి సైనిక ఔషధకారుడు ప్రష్యా చెరలో ఆ దుంపలే తిని బ్రతికి, ఇంటికి వచ్చి వాటి తరఫున వాదించాడు. 1772లో పారిస్ వైద్యులు ఇది తినదగినదేనని తీర్పు ఇచ్చారు. సన్నగా కోసి కొవ్వులో వేయించడం ముందుగా ఎవరు చేశారన్నది ఫ్రాన్సుకూ బెల్జియంకూ ఇంకా తెగని తగవు. దానిలో మనం తలదూర్చనక్కరలేదు. అమెరికాలో ఈ ఘనతను జెఫర్సన్‌కు కట్టబెట్టడం వాడుక. ఆయన 1784 నుంచి 1789 వరకు పారిస్‌లో ఉన్నమాట నిజమే. కాని అక్కడ ఫ్రెంచి వంట నేర్చి పొయ్యి దగ్గర నిలబడినవాడు ఆయన వెంట వెళ్ళిన బానిస జేమ్స్ హెమింగ్స్. అతనికి స్వేచ్ఛ 1796లో గాని దొరకలేదు. వంట పేరు యజమానికి పోయింది.

బానిసల మాట వచ్చింది కనుక చిలగడదుంప దగ్గర కొంచెం ఆగుదాము. అమెరికా దక్షిణ రాష్ట్రాలలో ఆఫ్రికా నుంచి తెచ్చిన బానిసలకు ఈ దుంప ఆకలి తీర్చిన తల్లి. తమ దేశపు పెండలం వంటి దుంపకు ఉన్న పేరును వారు దీనికి పెట్టుకొన్నారు. ‘యామ్’ అనే మాట అక్కడిదే. నేటికీ ఇక్కడి అంగళ్ళలో నారింజ రంగు చిలగడదుంపను యామ్ అని అమ్ముతున్నారు. నిజానికి యామ్ వేరు. వారు దానిని వండిన తీరు ఏమిటంటే, గుడిసెలోని పొయ్యి బూడిదలో పూడ్చిపెట్టి కాల్చడం.

ఇది చదివినప్పుడు మాకు ఒళ్ళు జలదరించింది. మన ఊళ్ళలో రాత్రి వంట అయిన తరువాత పిడకల నిప్పు మీద బూడిద కప్పి, ఆ కుమ్ములో చిలగడదుంపలు పెట్టి పడుకొన్న తరం ఇంకా మన మధ్య ఉన్నది. తెల్లవారి బూడిద దులిపి తోలు ఒలిస్తే లోపల తేనెలా పాకం కట్టి ఉండేది. మిసిసిపీ గుడిసెలోనూ, మన పల్లెలోనూ, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండానే, ఒకే దుంపను ఒకే విధంగా కాల్చుకొన్నారు. బానిసగా పుట్టి, 1896లో టస్కీగీ విద్యాలయానికి వచ్చిన జార్జ్ వాషింగ్టన్ కార్వర్ ఈ దుంప నుంచి వందకు పైగా వస్తువులు చేసి చూపాడంటే, అతనికి అది కేవలం ప్రయోగశాల వస్తువు కాదు.

ఇక కాగితపు సంచి ఫ్రైస్ సంగతి. రెండవ ప్రపంచయుద్ధం తరువాత ఐడహోలో సింప్లాట్ కంపెనీ ఆలుగడ్డ ముక్కలను సగం వేయించి గడ్డకట్టించే పద్ధతి కనిపెట్టింది. 1960ల చివరకు మెక్‌డొనాల్డ్స్ వాటికి మారడంతో దేశమంతటా ఒకే రుచి వచ్చింది. ఆ రుచికి రహస్యం వేయించే కొవ్వు: అందులో నూటికి 93 పాళ్ళు గొడ్డు కొవ్వు. ‘ఆలుగడ్డే కదా, శాకాహారమే’ అని తిన్న మన వాళ్ళు ఎందరో చెప్పలేము. 1990లో ఆ సంస్థ ఇకమీదట పూర్తిగా వృక్షసంబంధమైన నూనే వాడుతున్నామని ప్రకటించింది. మన ఇళ్ళలో ఊపిరి పీల్చుకొన్నారు. అయితే ముక్కలు తయారయ్యే చోటనే గొడ్డుమాంసపు సారాన్ని రుచి కోసం కలుపుతున్నారనీ, దానిని ‘సహజ రుచి’ అని మాత్రమే వ్రాస్తున్నారనీ తరువాత బయటపడింది. 2001 మే నెలలో సియాటిల్‌లో హిందువులూ, మరొక శాకాహారీ కలిసి దావా వేశారు. 2002లో సంస్థ క్షమాపణ చెప్పి, శాకాహార, హిందూ తదితర సంఘాలకు కోటి డాలర్లు ఇవ్వడానికి ఒప్పుకొన్నది. భారతదేశంలోని తమ అంగళ్ళలో అటువంటిది వాడడం లేదని కూడా చెప్పింది.

డబ్బు సంగతి అటుంచండి. జన్మలో మాంసం ముట్టని ఒక పెద్దావిడ, మనుమడి చేతిలోంచి రెండు ముక్కలు తీసుకొని తిన్నందుకు, ఆ వార్త విన్న తరువాత మూడు రోజులు ఉపవాసమున్నారని మాకు తెలుసు. ఆమెకు ఏ న్యాయస్థానం ఏమి ఇవ్వగలదు? ఆ ఇంట్లో ఆ తరువాత ఫ్రైస్ అంటే ఇంట్లో కాల్చినవే.

ఇంట్లో ఓవెన్ మాత్రం ముందునుంచీ ఉన్నది. 1965 వలస చట్టం తరువాత డాక్టర్లుగా, ఇంజనీర్లుగా వచ్చిన మన తొలితరం అద్దె ఇంట్లో అడుగుపెట్టగానే చూసిన వింత అది. వాడుక మాత్రం తెలియదు. న్యూయార్క్‌లో 1944 నుంచి ఉన్న కలుస్త్యాన్స్ అంగడి నుంచి పోస్టులో మసాలాలు తెప్పించుకొన్న రోజులవి. షికాగో డెవాన్ వీధిలో పటేల్ బ్రదర్స్ తెరిచింది 1974లో. ఆ రోజుల్లో ఎన్నో తెలుగు ఇళ్ళలో ఓవెన్ అంటే మూకుళ్ళూ, పెనాలూ దాచుకొనే బీరువా. మేము ఒకసారి అతిథి వచ్చిందని ధైర్యం చేసి మీట తిప్పి, లోపల ప్లాస్టిక్ డబ్బాలున్న సంగతి మరచి, పొగ గంట మోగించి, మేడ మీది వాళ్ళందరినీ మంచులో నిలబెట్టాము.

ఓవెన్ మీద అంకెల మీట కూడా పాతదేమీ కాదు. అది 1915 ప్రాంతంలో ఈ దేశంలో వచ్చినది. అంతకు ముందు ఇక్కడి ఇల్లాండ్రు లోపల చేయి పెట్టి ఎన్ని క్షణాలు ఓర్చుకోగలమో లెక్కపెట్టి వేడి తెలుసుకొనేవారు. కుమ్ము మీద అరచేయి పెట్టి చూసిన మన నాయనమ్మల లెక్క అదే.

ఇక పద్ధతి. కారం ముక్కలకు రస్సెట్ రకం ఆలుగడ్డలు మంచివి. వాటిని ఫ్రిజ్‌లో ఉంచరాదు. చలికి పిండి పదార్థం చక్కెరగా మారి, కాల్చినప్పుడు ముక్క లోపల ఉడకకుండానే పైన నల్లబడుతుంది. రెండు పౌండ్ల దుంపలు చిటికెనవేలు మందాన కోసి, అరగంట చన్నీళ్ళలో నానవేసి, పొడిగుడ్డతో గట్టిగా తుడవాలి. తడి ఉంటే కాలవు, ఉడుకుతాయి. రెండు పెద్ద చెంచాల వేరుశనగ నూనె పట్టించి, ముందే వేడిచేసిన ట్రే మీద ఒకదానికొకటి తగలకుండా పరచి, 425 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర 20 నిమిషాలు ఉంచి, తిరగేసి మరో పది పదిహేను నిమిషాలు ఉంచాలి. ఇరుకుగా పేర్చడమే అందరూ చేసే తప్పు. రెండు ట్రేలు పెట్టుకోండి. కారం మొదటే చల్లితే మాడి ఇల్లంతా దగ్గు. బయటికి తీశాక ఉప్పు, కారం, వేయించిన జీలకర్ర పొడి చల్లాలి. కరివేపాకు చివరి రెండు నిమిషాలు మాత్రమే లోపల ఉండాలి. బంగారు రంగు రాగానే తీసివేయండి. పిండి పదార్థం ఎక్కువ వేడికి ముదిరి వేగితే ఆక్రిలమైడ్ అనే చెడు పదార్థం పుడుతుందని 2002లో స్వీడన్ శాస్త్రజ్ఞులు తేల్చారు.

చిలగడదుంపది వేరే స్వభావం. అందులోని ఒక ఎంజైము 135 నుంచి 170 డిగ్రీల నడుమ పిండిని మాల్టోజ్ చక్కెరగా మారుస్తుంది. కుమ్ములో రాత్రంతా మెల్లగా కాగినది అందుకే అంత తియ్యన. ఆ తీపి కావాలంటే దుంపను తోలుతోనే, కోయకుండా, 300 డిగ్రీల దగ్గర గంటన్నర ఉంచి చూడండి. ముక్కలు కరకరలాడాలంటే నానవేసి తుడిచి, చెంచాడు మొక్కజొన్న గంజిపిండి అద్ది, నూనె పట్టించి 400 డిగ్రీల దగ్గర కాల్చాలి; ఉప్పు చివరనే. తీపికి బెల్లం ముందు వేస్తే మాడుతుంది. వేడి ముక్కల మీద మెత్తని బెల్లం పొడి, ఏలకులు, కొద్దిగా శొంఠి, చిటికెడు ఉప్పు చల్లితే చాలును. మన ఊరి రుచి కావాలంటే నారింజ రంగువి కాక, కొరియా, చైనా అంగళ్ళలో దొరికే ఊదా తోలు, తెల్ల కండ గలవి కొనండి. శివరాత్రి నాడు తెలంగాణ ఇళ్ళలో ఉపవాసం విడిచేది ఇటువంటి వాటితోనే.

బెండకాయను నిలువునా చీల్చి ఇదే వేడిలో 20 నిమిషాలు పెడితే జిగురన్న మాట ఉండదు. అరటికాయకు పసుపు మరచిపోవద్దు. కందను మాత్రం ముందు చింతపండు నీళ్ళలో ఉడికించనిదే ట్రే ఎక్కించకండి, గొంతు దురద పెడుతుంది. ఈ ముక్కలన్నీ చల్లారితే మెత్తబడేవే కనుక, అన్నం వడ్డించి, పప్పులో నెయ్యి వేసి, పిల్లలందరూ బల్ల దగ్గర కూర్చొన్న తరువాతనే ట్రే బయటికి తీయవలెను.