మార్లవాయి గోండు విద్యా పథకం

మార్లవాయి గోండు విద్యా పథకం 1943లో నాటి హైదరాబాదు సంస్థానంలోని ఆదిలాబాద్ జిల్లాలో గోండు పిల్లల కొరకు ప్రారంభమైన విద్యా ప్రయత్నము. మార్లవాయి గ్రామము ప్రస్తుతం కొమురం భీం ఆసిఫాబాద్ జిల్లా, జైనూరు మండలంలో ఉన్నది. కొత్త యంత్రాన్ని కనిపెట్టినవారినే ఆవిష్కర్తలనటం వాడుక. కాని ఉన్న వనరులనే కొత్త వరుసలో అమర్చి, సాగని పనిని సాగించినవారికి కూడా ఆ పేరు తగును.

నేపథ్యం

1940లో జోడేఘాట్ వద్ద కొమురం భీం మరణించిన తరువాత, గోండుల అశాంతికి కారణములు తెలుసుకొనుటకు నిజాం ప్రభుత్వము మానవ శాస్త్రవేత్త క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ (1909-1995) సేవలను వినియోగించుకొన్నది. వియన్నాలో జన్మించిన ఈయన భార్య బెట్టీతో కలసి మార్లవాయిలో నివసించాడు. భూములు అన్యాక్రాంతం కావటం, అటవీ ఆంక్షలు, చిరుద్యోగుల వేధింపులు ఈయన గమనించిన ప్రధాన సమస్యలు. కాగితం చదవలేనివాడు తన పొలాన్ని కాపాడుకొనలేడు. కనుక భూమి సమస్య, చదువు సమస్య ఇక్కడ ఒకటే.

బోధనా విధానం

గోండు పిల్లలకు గోండీలో చెప్పగల ఉపాధ్యాయులు లేరు, పుస్తకాలు లేవు. బయటి ఉపాధ్యాయులను పంపి ఊరుకొనక, కొద్దిగా మరాఠీ చదువు వచ్చిన గోండు యువకులను వెదకి మార్లవాయిలో శిక్షణ ఇచ్చారు. గోండీ వాచకాలను దేవనాగరి లిపిలో తయారు చేశారు. అక్షరం వచ్చిన గోండులకు అప్పటికే పరిచయమున్న లిపి అదే కావటం దీనికి అనుకూలించినది. పిల్లవాడు ముందుగా తన ఇంటి మాటను చదివి, ఆ తరువాతనే ఇతర భాషలకు వెళ్ళేవాడు. తెలియని భాషలో తెలియని అక్షరాలు దిద్దించటం ఎంత వృథా శ్రమయో బడిలో పనిచేసినవారికి చెప్పనవసరం లేదు. శిక్షణ పొందినవారిలో కొందరు గ్రామోద్యోగులు కూడా అయినారు.

తరువాతి కాలం

సంస్థానం భారతదేశంలో విలీనమైన పిమ్మట గోండీ బోధన క్రమంగా వెనుకబడి, పాఠశాలలలో తెలుగు మాధ్యమం స్థిరపడినది. విధానం సఫలమైనా, దానిని నిలిపే పాలకులు మారినప్పుడు ఆగిపోవుట దీని లోపమే. 1987లో మరణించిన బెట్టీ సమాధి మార్లవాయిలో ఉన్నది.

గోండీకి సొంత లిపి ఉన్నదని వాచకాలు తయారైన రోజులలో బయటివారు ఎరుగరు. నార్నూరు మండలం గుంజాలలో లభించిన వ్రాతప్రతులలోని లిపికి 2018లో యూనికోడ్‌లో స్థానం లభించినది.