సామీ కత్తి

సామీ కత్తి ఉత్తర ఐరోపాకు చెందిన సామీ జాతి ప్రజలు చేతితో తయారుచేసే సంప్రదాయ కత్తి. రెయిన్‌డీర్ (ధ్రువపు జింక) కొమ్ముతో చేసి, నగిషీ చెక్కిన పిడి, ఒర దీని ముఖ్య లక్షణాలు. నార్వే, స్వీడన్, ఫిన్లాండ్ దేశాల ఉత్తర భాగాలలోను, రష్యాలోని కోలా ద్వీపకల్పంలోను సామీలు నివసిస్తున్నారు. వీరి హస్తకళలను సామీ భాషలో దువోజి అంటారు.

ముడిపదార్థం

ఆవు, మేక వంటి జంతువుల కొమ్ము పైపొర గోళ్ళలో ఉండే కెరటిన్ అనే పదార్థంతో ఏర్పడుతుంది. జింక జాతి కొమ్ము అలా కాదు, అది ఎముక. ఏటా రాలిపోయి మళ్ళీ పెరుగుతుంది. జింక జాతులలో ఒక్క రెయిన్‌డీర్‌లోనే ఆడవాటికి కూడా సాధారణంగా కొమ్ములు ఉంటాయి. కొమ్ము వెలుపలి భాగం గట్టిగాను, లోపలి భాగం స్పంజి వలె రంధ్రాలతోను ఉంటుంది. పిడిలో కొమ్ముతోపాటు బర్చ్ చెక్క, బర్చ్ బెరడు, తోలు ముక్కలను కూడా వాడతారు.

నగిషీ

సన్నని మొనతో గీతలు చెక్కి, వాటిలో ఆల్డర్ చెట్టు బెరడు రంగునో, మసినో రుద్ది, పైభాగాన్ని తుడిచివేస్తారు. అప్పుడు గీతలలో మాత్రమే రంగు నిలుస్తుంది. సాధారణంగా దక్షిణ ప్రాంతపు పనిలో రేఖాగణిత ఆకృతులు, ఉత్తర ప్రాంతపు పనిలో పూలు, జంతువుల బొమ్మలు ఎక్కువగా కనిపిస్తాయి. స్వీడన్‌లోని యోక్‌మోక్‌కు చెందిన లార్స్ పిరాక్ (1932–2008) ఈ కళలో పేరుపొందినవారు.

అసలును గుర్తించడం

భూతద్దంతో చూసినపుడు అసలు కొమ్ములో సన్నని చుక్కలు, గీతలు కనిపిస్తాయి. ఇవి రక్తనాళాలు సాగిన మార్గాలు. అచ్చులో పోసిన ప్లాస్టిక్‌లో అచ్చు అతుకు, గాలి బుడగలు కనిపించవచ్చు. చేతితో చెక్కిన గీతల లోతు, వెడల్పు కొద్దిగా మారుతూ ఉంటాయి. లేజరు గీతలు ఒకే లోతులో ఉండి, అంచులు మాడినట్లుంటాయి. కాల్చిన సూదితో గుచ్చి పరీక్షించే పద్ధతి ఉన్నా, దానివల్ల శాశ్వతమైన మచ్చ పడి వస్తువు విలువ తగ్గుతుంది. సామీల చేతిపనిని అనుకరణల నుండి వేరుచేయడానికి 1982 నుండి "సామీ దువోజి" అనే గుర్తు వాడుకలో ఉంది. అంతకు ముందు చేసిన కత్తులపై ఈ గుర్తు ఉండదు కనుక, గుర్తు లేనంత మాత్రాన వస్తువు నకిలీ అని భావించరాదు.

విలువ కట్టడం

కత్తి విలువ కొమ్ము బరువును బట్టి గాక పనితనాన్ని బట్టి నిర్ణయమవుతుంది. పరిశీలించవలసిన అంశాలు:

* తయారుచేసినవారి పేరు లేదా పొడి అక్షరాలు, అవి ఉన్న చోటు
* కత్తికి, ఒరకు నగిషీలో పొంతన
* పిడిలో పగుళ్ళు, అతుకులు
* సానపట్టడం వలన అలుగు అరిగిన తీరు, తుప్పు
* వస్తువు ఎవరి నుండి ఎవరికి వచ్చిందో తెలిపే పత్రాలు

నీటిలో నానబెట్టి కడిగితే కొమ్ము పగలవచ్చు, గీతలలోని రంగు పోవచ్చు. అందువలన పాత కత్తిని మెరిసేలా శుభ్రం చేయడం లాభం కంటే నష్టమే ఎక్కువగా కలిగిస్తుంది.

భారతదేశంలో

దేశంలోని కణుజు, చుక్కల దుప్పి వంటి జింకలకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ కల్పిస్తున్నది. వీటి కొమ్ములతో వ్యాపారం చేయడం చట్టవిరుద్ధం. అడవిలో సహజంగా రాలి దొరికిన కొమ్ముకు కూడా ఇది వర్తిస్తుంది. కావున జింక కొమ్ము పిడి గల కత్తిని కొనేముందు ఆ కొమ్ము ఏ జంతువుదో, ఎక్కడిదో తెలుసుకోవడం తప్పనిసరి.