పేతురు ఆలయాంగణము – రక్షణాధికార నిర్ణయము

ఒక స్థలమునకు స్వామి యొకఁడును, అందు శాంతిరక్షణ చేయు నధికారి మఱియొకఁడును నగుట సంభవించునా? సంభవించినచో నా యిరువురి యధికారములకు హద్దెక్కడ? రోము నగరమునందలి పరిశుద్ధ పేతురు ఆలయాంగణ చరిత్రము ఈ ప్రశ్నకుఁ జక్కని యుదాహరణము.

మొదట స్థలస్వరూపము నెఱుఁగవలయును. ఆలయముఖమునకుఁ దూర్పున అండాకృతిని విస్తరిల్లిన యీ యంగణమును ఏడవ అలెగ్జాండరు పోపు కాలమున బెర్నీని యను శిల్పి 1656 మొదలు 1667 వఱకు నిర్మించెను. చాఁచిన బాహువులవలె నిరుప్రక్కల నున్న స్తంభపంక్తులలో 284 స్తంభములును, వానిపై 140 విగ్రహములును గలవు. నడుమ నున్న ఏకశిలాస్తంభము ఈజిప్టు దేశమునుండి ప్రాచీనకాలముననే రోమునకుఁ దేఁబడినది. దాని నిచ్చట నిలిపినది 1586లో, అయిదవ సిక్స్టసు పోపు. అంగణమునకుఁ బడమట ఆలయసోపానములు, తూర్పున నగరవీథి. ఆ వీథికిని అంగణమునకును నడుమఁ బ్రాకారము లేదు, ద్వారమును లేదు. వివాదమునకు మూలమిదియే.

1870వ సంవత్సరము సెప్టెంబరు 20వ తేదీని ఇటలీ సైన్యము రోమునఁ బ్రవేశించెను. అంతటితోఁ బోపుల రాజ్యాధికార మంతరించెను. 1871 మే 13వ తేదీని ఇటలీ ప్రభుత్వము పోపునకుఁ గొన్ని గౌరవములను, భవనానుభవమును ఒసఁగుచు నొక చట్టము చేసెను. అది యేకపక్షమునఁ జేయఁబడిన దగుటచేఁ దొమ్మిదవ పయసు పోపు దాని నంగీకరింపలేదు. తరువాతి పోపులును ఆ త్రోవనే పోయిరి. ఈ వైరము దాదాపు 59 సంవత్సరములు సాగెను. తుదకు 1929 ఫిబ్రవరి 11వ తేదీని లాటెరను భవనమునఁ బోపు పక్షమునఁ గార్డినలు గాస్పారియు, ఇటలీ రాజు పక్షమున ముస్సోలినియు సంధిపత్రముపై సంతకములు చేసిరి. ఇట్లు 44 హెక్టారుల వైశాల్యము గల వాటికను నగరము స్వతంత్రరాజ్య మయ్యెను.

అప్పుడు అంగణము నేమి చేయవలెనను ప్రశ్న పుట్టెను. దానిని ఇటలీకి విడిచినచో ఆలయపు ముంగిలి పరాధీనమగును. పోపునకే సర్వాధికారము నిచ్చినచో, నగరమునుండి నిత్యము వచ్చిపోవు జనసమూహమును స్వల్పసంఖ్యాకులగు నాతని భటులే కాచుకొనవలసి వచ్చును. సంధిలోని 3వ నిబంధన యీ రెండు మార్గములను విడిచి మూఁడవదానిని జూపినది. అంగణము వాటికను నగరములోని భాగమే. అయినను సామాన్యముగఁ బ్రజలకుఁ దెఱచి యుండవలెను. అందు రక్షకభటాధికారము ఇటలీది. ఆ యధికారము ఆలయసోపానముల పాదమున నాఁగిపోవును. ఆలయాధికారులు పిలువనిదే ఇటలీ భటులు మెట్లెక్కరాదు. ఉత్సవవిశేషముల నిమిత్తము పోపు అంగణమును దాత్కాలికముగ మూయించినపుడు, ఉండుఁడని కోరఁబడిననే తప్ప, వారు స్తంభపంక్తుల వెలుపలి రేఖకు ఆవలికిఁ బోవలెను.

ఈ వాక్యరచన వైయాకరణులకు వింత గాదు. ‘గోదావరి వఱకు రాజ్యము’ అన్నపుడు నది యందుఁ జేరునా, చేరదా యని సందేహము కలుగును. చేరకున్న మర్యాద, చేరిన నభివిధి. సంధికర్తలు సోపానపాదమును బేర్కొనుటతోఁ దృప్తినొందక మెట్లెక్కుటను వేఱుగ నిషేధించిరి గావున, నిచ్చట మర్యాదయే గాని యభివిధి కాదని స్పష్టము. మఱియు, అంగణము తెఱచియుండుటయు ఇటలీ భటులు కాచుటయు నుత్సర్గము. మూసినపుడు వారు తొలఁగుట యపవాదము. కోరినచో నిలుచుట ప్రతిప్రసవము.

ఈ యేర్పాటునకు రెండు గొప్ప పరీక్షలు తటస్థించెను. 1943 సెప్టెంబరున జర్మను సైన్యము రోము నాక్రమించినపుడు అంగణముఖమున నేలపై నొక తెల్లగీత గీయఁబడెను. జర్మను భటులు గీత కీవల, నగరమువైపునఁ గావలి నిలిచిరి. అంతవఱకు సంధిపత్రమున మాత్రమే యున్న స్వామ్యపు టెల్ల యప్పుడు కంటికిఁ గనఁబడెను. 1944 జూను 4వ తేదీని రోము విముక్తమయ్యెను.

రెండవది 1981 మే 13వ తేదీని జరిగినది. రెండవ జాన్ పాల్ పోపు అంగణమున జనుల నడుమ వాహనముపైఁ బోవుచుండఁగా మెహమెత్ అలీ అగ్జా యను తురుష్కదేశీయుఁడు తుపాకితోఁ గాల్చెను. అతఁ డచ్చటనే పట్టువడెను. నేరము వాటికను భూమిపై జరిగినది గావున నిటలీకి విచారణాధికారము లేదను వాదము పుట్టినను, రోము న్యాయస్థానము దాని నంగీకరింపక జులై 22వ తేదీని యావజ్జీవ కారాగారశిక్ష విధించెను.

కాచువానికే శిక్షించు నధికార మని దీనిచే నూహింపరాదా యని పూర్వపక్షము. రాదు. 1972 మే 21వ తేదీని ఒకఁడు ఆలయమునందే, అనఁగా సోపానరేఖకు లోపల, మైకలాంజెలో చెక్కిన పియెతా విగ్రహమును సుత్తితోఁ గొట్టెను. వానిని సైతము విచారించి చికిత్సాలయమునకుఁ బంపినది ఇటలీ న్యాయస్థానమే. ఏలయనఁగా, పోపు కోరినచో వాటికనులోని నేరములను ఇటలీ శిక్షింపవలెనని 22వ నిబంధన వేఱుగఁ జెప్పుచున్నది. కావున రక్షణము వేఱు, దండనము వేఱు.

క్షమయు నట్లే. గాయపడిన పోపు 1983 డిసెంబరు 27వ తేదీని చెఱసాలకుఁ బోయి యపరాధిని స్వయముగఁ జూచెను. అంతకు మున్నే క్షమించియుండెను. అయినను వాఁడు చెఱ వీడినది 2000 జూనులో, ఇటలీ రాష్ట్రపతి క్షమాపత్ర మొసఁగిన పిమ్మటనే.

కాఁబట్టి స్వామ్యము, రక్షణము, దండనము అను మూఁడును ఒక్కచోటనే యుండవలెనను నియమము లేదు. అవి వేఱైనపుడు హద్దు స్పష్టముగ వ్రాయఁబడవలెను. ఆ హద్దును ఉభయులును గౌరవింపవలెను. నేఁడును ఆలయమునకుఁ బోవు యాత్రికులను స్తంభపంక్తి కడ ఇటలీ భటులు పరీక్షించుచున్నారు. ఆలయాంతరమున వాటికను భటులు కాచుచున్నారు. ఒక పోపు ప్రాణమునకు ముప్పు వాటిల్లిన పిదపను ఆ ముంగిట గోడ లేవలేదు. గోడ చేయవలసిన పనిని సంధివాక్యము చేయుచున్నది.