కడుపు కోయక్కరలేని కేన్సరు

కేన్సరు పేరెత్తితే మన ఇళ్ళల్లో గొంతులు తగ్గిపోతాయి. యాంటీబయాటిక్ మాత్రలతో తగ్గే కేన్సరు కూడా ఒకటుందని చెప్తే ఇప్పటికీ నాకేసి అనుమానంగా చూసేవారే ఎక్కువ. ఆ కథ చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి.

కడుపులోకి తొంగి చూడాలన్న కోరిక పాతదే. 1868లో జర్మనీలో కుస్‌మౌల్ అనే వైద్యుడు, కత్తులు మింగే గారడీవాడి గొంతులోకి తిన్నని గొట్టం దింపాడు. 1957లో మిషిగన్ విశ్వవిద్యాలయంలో బేసిల్ హర్షోవిట్జ్ గాజు పోగుల కట్టతో చేసిన మెత్తని గొట్టాన్ని ముందు తనే మింగి, కొద్ది రోజులకి రోగికి వాడాడు. మా వృత్తి పుట్టింది అక్కడే అంటాను నేను.

అయితే చూడడం వేరు, పోల్చుకోవడం వేరు. కడుపులో పుట్టే లింఫోమా బహురూపి. ఒకరిలో పుండులా, ఒకరిలో దళసరి ముడతల్లా, మరొకరిలో ఉత్త ఎర్రదనంలా ఉంటుంది. అందుకే బాగున్నట్టు కనబడే చోట్ల నుంచి కూడా ముక్కలు తియ్యాలి. అలాంటి ముక్కల్నే సూక్ష్మదర్శినితో పరిశీలించి, 1983లో ఇంగ్లండులో పీటర్ ఐజక్సన్, డెనిస్ రైట్ నిదానంగా పెరిగే ఒక రకాన్ని వేరుచేశారు. అదే మాల్ట్ లింఫోమా. పేరైతే దొరికింది గాని, చాలామందికి వైద్యం కడుపు కోసి తీసెయ్యడమే.

ఇక్కడొక తిరకాసుంది. ఆరోగ్యంగా ఉన్న కడుపు గోడలో లింఫ్ కణాల గూళ్ళే ఉండవు. మరి లింఫోమా ఎక్కడినుంచి వచ్చింది? 1982లో ఆస్ట్రేలియాలో వారెన్, మార్షల్ పెంచి చూపించిన హెలికోబాక్టర్ పైలోరీ అనే సూక్ష్మజీవి ఆ కణాల్ని అక్కడికి రప్పిస్తుంది. 1991లో వోదర్‌స్పూన్, ఐజక్సన్ బృందం 110 మంది రోగుల ముక్కలు చూస్తే 92 శాతంలో అది కనిపించింది. 1993లో ఆరుగురికి మాత్రలిచ్చి ఆ క్రిమిని చంపితే ఐదుగురిలో లింఫోమా కరిగిపోయింది!

మార్షల్ ఆ క్రిమిని తాగిన సంగతి అందరికీ తెలుసు. 2005లో నోబెల్ కూడా వచ్చింది. నాకు మాత్రం ఆ ఆరుగురి కథే గొప్పగా తోస్తుంది. కేన్సరని తేలాక కత్తి పక్కన పెట్టి ఆగి చూడడానికి ఎంత నిబ్బరం కావాలి!

ఆ ఆగడమే అసలు వైద్యం. క్రిమి రెండు వారాల్లో చస్తుంది. లింఫోమా కరగడానికి నెలలు పడుతుంది, ఒక్కోసారి ఏడాది దాటుతుంది. జపానులో 420 మందిని ఏళ్ళతరబడి గమనించి 2012లో ప్రకటించిన అధ్యయనంలో 77 శాతం మందికి మాత్రలతోనే గుణం కనిపించింది. 11, 18 క్రోమోసోముల ముక్కలు తారుమారైనవారికి సాధారణంగా మాత్రలు పనిచెయ్యవు. వారికి రేడియేషన్ ఇస్తారు. ముక్కలో కాసిని కణాలు మిగిలాయని కంగారు పడనక్కరలేదనీ, చాలామందిలో అవి కదలకుండా ఉండిపోతాయనీ ఈ ఓపికవల్లే తెలిసింది. అలాగని గొట్టం మానడానికి లేదు. ఆ కడుపులోనే మామూలు కేన్సరు పుట్టే ప్రమాదం ఎక్కువ.

ఈ క్రిమి ఎక్కువగా చిన్నతనంలోనే అంటుకుంటుంది, మన దేశంలో సర్వసాధారణం. ఆవకాయ జాడీతోపాటు దీన్నీ మోసుకొచ్చాం. నా దగ్గరికొచ్చే ఒక తెలుగు పెద్దాయన ఏటా అదే అడుగుతారు: "బాగానే ఉన్నాను కదండీ, మళ్ళీ గొట్టమెందుకు?" అంటూనే మంచమెక్కి ఎడమ పక్కకి తిరిగి పడుకుంటారు. పాత పుండు చోట ఇప్పుడు తెల్లని మచ్చ. దాని అంచునుంచీ, దూరాన్నుంచీ మళ్ళీ ముక్కలు తీసి ల్యాబుకి పంపుతాను.