భయానక చిత్రములకు నాందీప్రస్తావన

మన గ్రంథాలయమున చదువుకొను యువకులు కొందఱు ఈ రజతోత్సవ సందర్భమున తమ చేతిఫోనులతోనే ఒక చిన్న భయానక చిత్రమును తీయ సంకల్పించిరి. కథ సిద్ధమైనది గాని ఆరంభమెట్లుండవలెనను విషయమున వారిలో వారికి మాట కుదరలేదు. పాడుపడిన ఇల్లు, గుడ్లగూబ, కిఱ్ఱుమను తలుపు ఇవియన్నియు అరిగిపోయిన పాత నాణెములని కొందఱు, అవి లేకున్న చూచువారికి భయమెట్లు కలుగునని కొందఱు వాదులాడుకొనిరి. అలంకారశాస్త్రమును ఏదో కొంత స్వయముగా చదువుకొన్నవాడనని ఆ తగవు నా యొద్దకు తెచ్చిరి. లెక్కలు వ్రాయుట నా వృత్తి. చిత్రములు తీయుట నే నెఱుగను. అయినను వారి ప్రశ్న క్రొత్తది కాదు. నూఱేండ్లకు పైబడి ఈ జాతి చిత్రములను తీసినవారందఱును దానిని ఎదుర్కొన్నవారే. వారిలో కొందఱు చెప్పిన సమాధానములను ఈ సంచికా పాఠకుల ముందుంచుచున్నాను.

మొదట మన శాస్త్రమేమి చెప్పినదో చూతము. భరతముని నాట్యశాస్త్రము ఆఱవ అధ్యాయమున రసములను వివరించుచు, భయానకమునకు భయము స్థాయిభావమనియు, నలుపు దాని వర్ణమనియు, కాలుడు అధిదేవత యనియు చెప్పినాడు. భయమును పుట్టించు విభావముల పట్టికను గూడ ఇచ్చినాడు. వికృతధ్వనులు, భూతదర్శనము, నక్కలు, గుడ్లగూబలు, శూన్యగృహము, అరణ్యము, తనవారి చావును గాని చెఱను గాని కనుట, వినుట అందలి ముఖ్యములు. చలనచిత్రము పుట్టుటకు ఎన్నియో శతాబ్దములకు పూర్వము వ్రాయబడిన ఈ పట్టికను నేటి భయానక చిత్రముల మొదటి పది నిమిషముల ప్రక్కన నుంచి చూచిన, పెక్కు పద్దులు సరిపోవును. అరిగిన గుర్తులని మన యువకులు ఈసడించునవి నిజమునకు విభావములే. విభావము లేక రసము లేదు.

గుర్తు తెలిసినదగుటయు దోషము కాదు. ఒకప్పుడు చందమామ పత్రికలో నెలనెల వచ్చిన బేతాళకథలను తలచుకొనుడు. చెట్టు, శవము, రాజు భుజము, శ్మశానమువైపు నడక, ఇంతే ఆరంభము. ఏ నెల చూచినను అదియే. ఆరంభము మాఱలేదని అలిగి పత్రికను క్రింద పెట్టిన పిల్లవానిని నే నెఱుగను. ఆ నాలుగు మాటలు చదువగనే మనస్సు కథకు సిద్ధపడెడిది. చెప్పువానికిని వినువానికిని నడుమ జరుగు ఒడంబడిక అది. సంప్రదాయము చేయు మొదటి పని ఇట్టి ఒడంబడికయే.

చలనచిత్రములలో ఈ ఒడంబడికకు తొలుదొల్త చక్కని రూపము దిద్దినవారిలో జర్మనులు ముఖ్యులు. 1920లో రాబర్ట్ వీనె దర్శకత్వమున ‘ది క్యాబినెట్ ఆఫ్ డాక్టర్ కాలిగరి’ వెలువడినది. అది తోటలో బల్లపై కూర్చున్న ఇద్దఱు మనుష్యులతో మొదలగును. పెద్దవాడు తన చుట్టు తిరుగు ప్రేతాత్మల మాట యెత్తును. తెల్లని వస్త్రములు ధరించిన యువతి యొకతె ఎవరిని చూడక వారి ముందునుండి నడచిపోవును. అప్పుడు చిన్నవాడు తన కథను చెప్పనారంభించును. అరుగుమీద కూర్చుండి దయ్యపు కథ చెప్పు పద్ధతియే ఇది. కాని చిత్రము ముగియు వేళకు ఆ తోట పిచ్చాసుపత్రిలోనిదనియు, కథ చెప్పినవాడు అచటి రోగి యనియు తేలును. కథకుని నమ్ముట శ్రోతకు అలవాటు. దర్శకుడు ఆ అలవాటునే ఆధారముగా గొని ప్రేక్షకుని ఉలికిపడజేసెను.

1922లో ముర్నావ్ తీసిన ‘నోస్ఫెరాటు’ మఱియొక త్రోవ త్రొక్కినది. బ్రామ్ స్టోకర్ 1897లో ప్రకటించిన ‘డ్రాకులా’ నవలను అనుమతి లేకయే చిత్రముగా మలచినందున స్టోకర్ భార్య న్యాయస్థానమునకెక్కెను. ప్రతులను నాశనము చేయుడని తీర్పు వచ్చినను కొన్ని మిగిలినందుననే ఆ చిత్రము మనకు దక్కినది. ఇది ఒక ఊరి మహామరణమును గూర్చిన వృత్తాంతమని మొదటనే అక్షరములలో చూపి, ఆ వెంటనే పగటి వెలుగులో క్రొత్త దంపతుల ముచ్చటను చూపుదురు. భర్త తోటలో పూలు కోసి తెచ్చి భార్య చేతికిచ్చును. ఆమె ఆనందింపక, ఇంత అందమైన పూలను ఏల చంపితివని దుఃఖపడును. రక్తము లేదు, చీకటి లేదు. అయినను మృత్యువు ఆ ఇంట అడుగు పెట్టినట్లు మనకు తోచును.

నేడు మనము భయానక చిత్రపు ఆరంభమనగానే తలచుకొను మచ్చు 1931లో అమెరికాలో స్థిరపడినది. ఆ యేడు యూనివర్సల్ సంస్థవారు రెండు చిత్రములను విడుదల చేసిరి. మొదటిది టాడ్ బ్రౌనింగ్ దర్శకత్వము వహించిన ‘డ్రాకులా’. కొండదారిలో గుఱ్ఱపుబండి వడిగా వచ్చుచుండును. అందు స్థిరాస్తి వ్యవహారమునకై పోవు రెన్‌ఫీల్డ్ అను పరదేశి యుండును. సత్రము చేరునప్పటికి ప్రొద్దు క్రుంకుచుండును. ఈ రాత్రి ముందునకు పోవలదని ఊరివారు బ్రతిమాలుదురు. అతడు చిఱునవ్వు నవ్వి త్రోసివేయును. అప్పుడు ఆ సత్రపు ఇల్లాలు తన మెడలోని సిలువను తీసి అతని మెడలో వేయును. అర్ధరాత్రి కనుమవద్ద ప్రభువుగారి బండి అతనికై వేచియుండును.

ఈ వరుసలో ఐదు మెట్లు కలవు: క్రొత్తవాడు వచ్చుట, ఎఱిగినవారు హెచ్చరించుట, అతడు పెడచెవిని పెట్టుట, ప్రొద్దు క్రుంకుట, గడప దాటుట. వీనిలో ప్రాణము రెండవ మెట్టు. హెచ్చరికను పాత్ర వినడు గాని ప్రేక్షకుడు వినును. అచటినుండి ప్రేక్షకునికి పాత్రకంటె ఒక విషయము ఎక్కువ తెలియును. వలదు, పోకుమని కేక వేయవలెననిపించును. ఆ నిస్సహాయతయే భయమునకు తల్లి.

రెండవది జేమ్స్ వేల్ తీసిన ‘ఫ్రాంకెన్‌స్టైన్’. అందు కథకు ముందు నాటకశాలలో వలె తెర కనబడును. ఎడ్వర్డ్ వాన్ స్లోన్ అను నటుడు తెర చాటునుండి వచ్చి, ఈ కథ మిమ్ము కలవరపెట్టవచ్చునని సభికులతో మర్యాదగా చెప్పి పోవును. మన సంస్కృత నాటకములు చదివినవారికి సూత్రధారుడు గుర్తునకు రాకమానడు. సూత్రధారుడు నాటకమును మెచ్చుకొని పిలుచును. ఇతడు హెచ్చరించి పిలుచును. తరువాతి దృశ్యము శ్మశానము. ఎవరినో పూడ్చి బంధువులు ఏడ్చుచు వెడలుదురు. కంచె చాటున ఇద్దఱు పొంచి చూచుచుందురు. అందఱు పోయిన పిదప వారు ఆ గోతిని త్రవ్వి శవమును వెలికి తీయుదురు. చిత్రమునకు పేరు తెచ్చిన వికృతాకారము ఇంకను పుట్టనే లేదు. మొదటి భయంకరకృత్యము చేసినవాడు చదువుకొన్న మనుష్యుడు. ఈ విషయమును పాఠకులు గుర్తుంచుకొన గోరెదను. తరువాత దీనితో నాకు పని కలదు.

మన దేశమున ఈ సంప్రదాయమునకు 1949లో కమాల్ అమ్రోహీ తీసిన హిందీ చిత్రము ‘మహల్’ గొప్ప ఉదాహరణము. వానరాత్రి, పాత భవనము, క్రొత్తగా వచ్చిన యజమాని, వెనుకటి ప్రేమికుల విషాదగాథను చెప్పు తోటమాలి, గోడమీద అచ్చముగా యజమాని పోలికలే గల పటము, ఆపై ఎచటినుండియో స్త్రీ గానము: విభావములన్నియు వరుసగా వచ్చును. తుదకు ఆ దయ్యము దయ్యము కాదనియు, తోటమాలి కూతురే యనియు తెలియును. గుర్తులన్నిటిని నిలిపి, వాని అర్థమును మాత్రము చివర మార్చిరి.

తరువాతి తరము వారు ఒడంబడికను చెఱపక, అందొక షరతును మాత్రము మార్చిరి. 1960లో ఆల్‌ఫ్రెడ్ హిచ్‌కాక్ తీసిన ‘సైకో’ ఫీనిక్స్ నగరమున శుక్రవారము పగలు 2 గంటల 43 నిమిషములకు మొదలగును. దయ్యము లేదు, పాడిల్లు లేదు. ఒక హోటలు గదిలో ప్రేమికులిద్దఱు డబ్బు లేమిని గూర్చి మాటలాడుకొందురు. పిదప ఆ స్త్రీ 40 వేల డాలర్లు అపహరించును. మఱి ఇది భయానకమని తెలియుటెట్లు? అంతకు ముందు పేర్లు చూపునపుడు సాల్ బాస్ రూపొందించిన గీతలు తెరను కోయుచు పరుగిడును. బెర్నార్డ్ హెర్మన్ తంత్రీవాద్యములతో మాత్రమే కూర్చిన సంగీతము వెంట తఱుమును. కథ చూపనిదానిని చెవి ముందుగనే వినెను. చిత్రము మొదలైన పిదప ఎవరిని లోనికి రానీయవలదని హిచ్‌కాక్ సినిమాశాలలవారిని నిర్బంధించెను.

1978లో జాన్ కార్పెంటర్ సుమారు 3 లక్షల డాలర్లతో తీసిన ‘హాలోవీన్’లో మొదటి నాలుగు నిమిషములు హంతకుని కన్నులతోనే మనము చూతుము. రాత్రి, నిశ్శబ్దపు ఇల్లు, కత్తి, అన్నియు పాత గుర్తులే. ముసుగు తొడిగిన పిదప దాని రెండు రంధ్రములనుండియే తెర కనబడును. హత్య జరిగిన తరువాత ఎవరో వచ్చి ఆ ముసుగును లాగివేయుదురు. కత్తి పట్టుకొని నిలిచినవాడు ఆఱేండ్ల బాలుడు! అన్ని పద్దులు యథాతథముగా వ్రాసి చివరి పద్దు నొక్కదానిని మార్చినందుననే ఆ బాలుని ముఖము చూచినవారికి మఱపునకు రాదు. 1980లో స్టాన్లీ కుబ్రిక్ ‘ది షైనింగ్’లో చీకటిని గూడ విడిచిపెట్టెను. పట్టపగలు, విశాలమైన కొండలు, ఆకాశమునుండి చూచిన ఒక చిన్న కారు, అంతే. వినిపించు బాణీ మాత్రము చనిపోయినవారికై క్రైస్తవాలయములలో పాడు ప్రాచీనగీతముది.

ఈ చరిత్రనుండి నేను గ్రహించినది మా లెక్కల భాషలో చెప్పెదను. ఆరంభదృశ్యము ఆవర్జాలో మొదటి పద్దు. తెలిసిన గుర్తులతో ప్రేక్షకుని నమ్మకమును అప్పుగా తీసికొందుము. ఆ అప్పును కథ ముగియులోపల తీర్చవలెను. గుర్తులేవియు లేకున్న అప్పు పుట్టదు. గుర్తులు మాత్రమే యున్న అప్పు తీఱదు. కావున పాత గుర్తులను మూడు పాళ్లు నిలుపుడు, ఒక్కదానిని మార్చుడని మన యువకులకు చెప్పితిని.

అయితే మార్చవలసిన దేది? ఇచటనే అసలు చిక్కు వచ్చినది. వారి మొదటి దృశ్యము ఇది: ఊరి చివర ఒంటరిగా నుండు వృద్ధ వితంతువు జుట్టు విరబోసికొని, దీపము పట్టుకొని వాకిట నిలుచుండును. ఆమెను చూడగనే ఈమె కీడు చేయునను భయము కలుగవలెనట. అందులకు మన ఊరిలోనే ఒక అవ్వ ఇంటి వాకిటిని ఎంచుకొనిరి. ఏల ఆమె ఇల్లని యడుగగా ఒకడు, “ఆమెను చూచిన పిల్లలు ఇప్పటికే జడిసి పారిపోవుదురు, మామయ్యగారూ! మనము క్రొత్తగా చేయునదేమున్నది?” అనెను. ఆ మాట విన్న తరువాతనే నాకు నిజమైన భయము కలిగినది.

గుడ్లగూబను భయచిహ్నముగా చూపిన గుడ్లగూబకు నష్టము లేదు. మనిషిని చూపిన అట్లు కాదు. చేతబడి, బాణామతి యను అనుమానముతో మన తెలుగు పల్లెలలో మనుష్యులను కొట్టిన, చంపిన ఉదంతములు వార్తాపత్రికలు చదువువారెఱుగుదురు. అట్లు బలియైనవారిలో ఒంటరి ఆడువారు, ముసలివారు, దిక్కులేనివారు కలరు. ఊరి నమ్మకమునుండి తెర అరువు తెచ్చుకొన్న గుర్తు, మరల ఊరిలోనికి సాక్ష్యముగా తిరిగివచ్చును. తెరమీద చూచినదే కన్నులారా చూచినట్లు వాదించువారు లేకపోలేదు. ఇతరుల మానప్రాణములను కుదువబెట్టి తెచ్చిన అప్పును ఏ కథయు తీర్చజాలదు.

అప్పుడు వారికి ‘డ్రాకులా’లోని సత్రపు ఇల్లాలిని జ్ఞాపకము చేసితిని. ఆమె వలన ఎవరికిని కీడు లేదు. పరదేశిని కాపాడగోరినవారిలో ఆమె యొకతె. ‘ఫ్రాంకెన్‌స్టైన్’లో గోతిని త్రవ్వినది చదువుకొన్న చేతులని చెప్పితిని. పాడిల్లుండనిండు, గుడ్లగూబ కూయనిండు, దీపము వెలుగనిండు. ఆ అవ్వను మాత్రము భయమునకు కారణముగా గాక, హెచ్చరించునదిగా చూపుడు. వినక గడప దాటువారు మీరే కండు. మార్చవలసిన షరతు ఇదియే యంటిని.

యువకులు కొంతసేపు మౌనము వహించి, తమలో తాము తర్కించుకొని, తుదకు ఒప్పుకొనిరి. అందఱము కలిసి అవ్వ ఇంటికి వెళ్లి అడిగితిమి. ఆమె సంగతి యంతయు విని నవ్వినది. పొద్దుగూకిన తరువాత ఆ ఇంటివైపు పోవలదని తన చిన్నతనమున తన నాయనమ్మ తనకు నిజముగనే చెప్పెడిదనియు, ఆ మాటను తనకు తోచినట్లే చెప్పుదును గాని వ్రాసి యిచ్చినది చదువననియు అనినది. షరతు న్యాయమైనదే యని అందఱమును అంగీకరించితిమి.

ఆ సాయంకాలము మేము తిరిగివచ్చుచుండగా, ఎప్పుడును ఆ వాకిలి దాటునపుడు పరుగెత్తు పిల్లలిద్దఱు, ఏమి జరుగుచున్నదో చూతమని ఆగి, అవ్వ అరుగుమీద కూర్చుండిరి. చిత్రమింకను తీయవలసియున్నది. మొదటి పద్దు మాత్రము సరిగా పడినదని నాకు తోచుచున్నది.