ఒక నిషాదం కోసం

కీబోర్డు నేర్చుకునేవాళ్లకు మేజర్ స్కేలు దాటి మైనర్ దగ్గరికి వచ్చేసరికి ఓ చిక్కు ఎదురవుతుంది. మేజర్ ఒక్కటే. మైనర్ మాత్రం మూడట: నేచురల్, హార్మోనిక్, మెలోడిక్. ఆ మూడోది ఎక్కేటప్పుడు ఒక దారిన ఎక్కి, దిగేటప్పుడు ఇంకో దారిన దిగుతుంది. పాఠ్యపుస్తకాలు వీటిని మూడు వేర్వేరు స్కేళ్లుగా బట్టీ పట్టిస్తాయి. చరిత్ర చూస్తే, ఒకే స్కేలుకు అవసరం కొద్దీ చేసుకుంటూ వచ్చిన మరమ్మతులివి.

మధ్యయుగపు యూరప్‌లో మేజర్ లేదు, మైనర్ లేదు. చర్చి గానానికి ఎనిమిది మోడ్‌లుండేవి. దాదాపు అన్నీ కీబోర్డు మీది తెల్ల మెట్ల స్వరాలే. పాట ఏ స్వరం మీద ముగుస్తుంది, ఏ మేర తిరుగుతుంది అన్నదే తేడా. డి మీద ముగిసేది డోరియన్. ఆ డిని షడ్జం చేసుకుని వాయిస్తే మనకు వినిపించేవి ఖరహరప్రియ స్వరాలు. ఏ మీద, సి మీద ముగిసే పాటలకు ఆ ఎనిమిదిలో సొంత చోటు లేదు. 1547లో బాసెల్‌లో అచ్చయిన 'డోడెకాకోర్డాన్' గ్రంథంలో స్విస్ పండితుడు హైన్రిక్ గ్లేరియన్ వాటినీ చేర్చి లెక్కను పన్నెండు చేశాడు. ఏ మీదది ఏయోలియన్, మన నఠభైరవి. సి మీదది అయోనియన్, మన శంకరాభరణం. ఆ తర్వాత నూటయాభై ఏళ్లలో పన్నెండూ కరిగి రెండే మిగిలాయి. మిగిలిన ఆ రెండూ ఆలస్యంగా వచ్చి చేరినవే కావడం నాకు భలే ముచ్చటగా ఉంటుంది.

ఏయోలియన్‌లో ఒక లోటుంది. దాని నిషాదం కైశికి. నల్ల మెట్లనూ కలిపి లెక్కిస్తే పై షడ్జానికి రెండు మెట్ల దూరం. పలు గొంతులు కలిసి పాడే సంగీతంలో ముగింపు గట్టిగా వినిపించాలంటే నిషాదం షడ్జాన్ని ఆనుకుని ఉండాలి. రాతలో లేకపోయినా గాయకులు ముగింపు దగ్గర దాన్ని ఒక మెట్టు పైకి నెట్టి పాడటం శతాబ్దాలుగా ఉన్న అలవాటే. విడివిడి గొంతుల వరసలుగా కాక, కొన్ని స్వరాలు ఒకేసారి మోగే కార్డులుగా ఆలోచించే కాలం వచ్చాక అది తప్పనిసరి అయింది. ఏ మైనర్‌లో పంచమం మీద కట్టిన ఇ-జి-బి కార్డుకు తిరిగి షడ్జానికి లాక్కొచ్చే బలం చాలదు. జిని షార్ప్ చేస్తే, అంటే ఒక మెట్టు పెంచితే, ఆ బలం వస్తుంది. అలా కాకలి నిషాదం వచ్చి కూర్చుంటే హార్మోనిక్ మైనర్, అంటే మన కీరవాణి.

ఇప్పుడు ఇంకో తంటా. శుద్ధ ధైవతానికీ కాకలి నిషాదానికీ మధ్య మూడు మెట్ల ఎడం పడింది. మన చెవికి కీరవాణి అందమంతా అక్కడే. యూరప్ బృందగాయకులకు మాత్రం అది నోరు తిరగని దూకుడు. అందుకని ఎక్కేటప్పుడు ధైవతాన్నీ ఒక మెట్టు పైకి జరిపారు. అది గౌరీమనోహరి. దిగేటప్పుడు షడ్జం వైపు లాగాల్సిన పనే లేదు కనుక మళ్లీ నఠభైరవి. మెలోడిక్ మైనర్ రెండు దారుల గుట్టు ఇంతే.

పాత మోడ్‌ల నీడ వెంటనే పోలేదు. స్వరకర్త బాఖ్ 1720లో స్వయంగా రాసుకున్న ప్రతిలో జి మైనర్ వయొలిన్ సొనాటాకు మొదట ఉండాల్సిన రెండు ఫ్లాట్ గుర్తులకు బదులు ఒకటే కనిపిస్తుంది. అది డోరియన్ రాత పద్ధతి. 1722లో ఇరవై నాలుగు మేజర్, మైనర్ కీలలోనూ ప్రెల్యూడ్‌లు, ఫ్యూగ్‌లు కూర్చిన సంపుటి ముఖపత్రం మీద కూడా ఆయన మైనర్‌ను రే-మీ-ఫా అనే చెప్పాడు. అవి డోరియన్ మొదటి మూడు స్వరాలు.

మైనర్ అంటే దుఃఖం అనే ముద్రా పాతదే. 1558లో వెనిస్‌లో సంగీత సిద్ధాంతకారుడు జార్లీనో మోడ్‌లను గాంధారాన్ని బట్టి ఉల్లాసమైనవి, విషాదమైనవి అని వేరు చేశాడు. 1638లో స్వరకర్త మాంటెవెర్డీ అచ్చువేసిన వనకన్య విలాపంలో కింది స్వరాలు సా-ని-ద-ప అని పదే పదే దిగుతూనే ఉంటాయి. చిక్కల్లా మైనర్ కూడా సహజమైనదేనని శాస్త్రంతో చూపడం దగ్గర వచ్చింది. మోగే తీగలో సహజంగా పుట్టే ఉపస్వరాలలో మేజర్ కార్డు 4:5:6గా తేలిగ్గా దొరుకుతుంది. మైనర్ కావాలంటే 10:12:15 దాకా వెళ్లాలి. పందొమ్మిదో శతాబ్దపు జర్మన్ పండితుడు హ్యూగో రీమాన్ దీనికి పైకి కాక కిందికి దిగే తలకిందుల ఉపస్వరాలను ఊహించి, రాత్రి నిశ్శబ్దంలో పియానో మీద వాటిని విన్నానని కూడా చెప్పాడు. మరెవరికీ వినబడలేదు.

మైనర్‌ను సమర్థించుకోవాలనే ఈ బెంగ మనకు లేకపోవడానికి కారణం, మన సంగీతానికి కార్డులు అక్కర్లేకపోవడమే. మేళకర్త పట్టికలో నఠభైరవి 20, కీరవాణి 21, ఖరహరప్రియ 22, గౌరీమనోహరి 23. వేద చక్రంలో వరసగా పక్కపక్కనే ఉన్నాయి. చతుశ్రుతి రిషభం, సాధారణ గాంధారం, శుద్ధ మధ్యమం, పంచమం నాలుగింటికీ ఒకటే. తేడా అంతా ధైవత నిషాదాలది. ఏదీ ఇంకోదానికి దిద్దుబాటు కాదు. త్యాగరాజు 'కలిగియుంటే'కు కీరవాణిని, 'గురులేక ఎటువంటి'కి గౌరీమనోహరిని పూర్తి రాగాలుగానే తీసుకున్నారు. కార్డులతో ఇట్టే కలిసిపోతుంది కనుక సినిమా వాళ్లకూ కీరవాణి మీద మక్కువ. 1985లో వచ్చిన 'అన్వేషణ'లో ఇళయరాజా ఏకంగా ఆ పేరుతోనే మొదలయ్యే పాట చేశారు.

గౌరీమనోహరి పాడే విద్వాంసులు ఎక్కిన స్వరాలతోనే దిగుతారు. ఇరవయ్యో శతాబ్దపు జాజ్ వాయిద్యకారులు కూడా మెలోడిక్ మైనర్‌ను పైకీ కిందికీ ఒకే తీరుగా వాయించడం మొదలుపెట్టారు. దాన్ని వాళ్లు జాజ్ మైనర్ అంటారు. స్వరాలు చూస్తే 23వ మేళమే.