ఉత్తర తెలంగాణలో ప్రాథమిక పాఠశాల పిల్లలు – అంతర్జాల భద్రత: చారిత్రక పరిశీలన

1. పరిచయం

ఒక వస్తువు ఇంట్లోకి ఎలా వచ్చిందో తెలుసుకోవడం కూడా చరిత్ర అధ్యయనమే. పూర్వపు కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలు 2016 అక్టోబరు 11న చిన్న జిల్లాలుగా విడిపోయాయి. ఈ ప్రాంతంలో స్మార్ట్‌ఫోను ఒకటి నుంచి ఐదో తరగతి వరకు చదివే పిల్లల చేతికి ఎలా చేరింది? వారి రక్షణకు నియమాలు ఎప్పుడు వచ్చాయి? ఈ రెండు కాలక్రమాలను పక్కపక్కన పెట్టి పరిశీలిద్దాం.

2. వలస – ఫోను

1970లలో చమురు ధరలు పెరిగాక గల్ఫ్ దేశాలలో కూలీలకు గిరాకీ ఏర్పడింది. జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ ప్రాంతాల నుంచి వేలాది మంది అక్కడికి వలస వెళ్లారు. మొదట్లో ఇంటికి ఉత్తరాలు, మాటలు రికార్డు చేసిన క్యాసెట్లు వచ్చేవి. 1990లలో ఎస్.టి.డి. బూత్‌లు, ఆ తరువాత సెల్‌ఫోన్లు వచ్చాయి. 2016 సెప్టెంబరులో జియో సేవలు మొదలయ్యాక డేటా చౌకైంది. వీడియో కాల్ రోజువారీ అలవాటుగా మారింది. వలస కుటుంబాలలో చిన్నపిల్లలకు ఫోను అంటే బాపు కనిపించే వస్తువు. అటువంటి ఇంట్లో ‘పిల్లలకు ఫోను ఇవ్వకండి’ అని చెప్పడం తేలిక, పాటించడం కష్టం.

3. కరోనా కాలం – ఫోనే బడి

2020 మార్చిలో బడులు మూతపడ్డాయి. అదే ఏడాది సెప్టెంబరు 1 నుంచి రాష్ట్ర ప్రభుత్వం 3 నుంచి 10 తరగతులకు టీ-శాట్, దూరదర్శన్ యాదగిరి ఛానళ్ల ద్వారా పాఠాలు ప్రసారం చేసింది. ఇంటిపనులు, సందేహాలు వాట్సాప్ గ్రూపులలో సాగాయి. ఆదిలాబాద్ ఏజెన్సీ గూడేలలో సిగ్నలే సమస్య. 2021 ఫిబ్రవరిలో 6 నుంచి పై తరగతులు కొద్ది వారాలు నడిచాయి. ప్రాథమిక తరగతులు మాత్రం 2021 సెప్టెంబరు 1 వరకు తెరుచుకోలేదు. అంటే అందరికంటే చిన్నవారే అందరికంటే ఎక్కువ కాలం బడికి దూరమయ్యారు.

కేంద్ర విద్యాశాఖ 2020 జూలైలో ‘ప్రజ్ఞాత’ మార్గదర్శకాలు విడుదల చేసింది. ఎనిమిదో తరగతి వరకు రోజుకు 30 నుంచి 45 నిమిషాల తరగతులు రెండింటికి మించరాదని సూచించింది. తరగతి ముగిశాక ఫోను ఎవరి చేతిలో ఉంటుందో చూడవలసినది ఇల్లే. పగలు పొలానికో, బీడీల పనికో వెళ్లే తల్లికి, ముసలి అవ్వకు అది సాధ్యమయ్యే పని కాదు.

4. చట్టాల కాలక్రమం

ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 1989లో వచ్చింది. భారత్ 1992లో దానిలో చేరింది. అప్పటికి అంతర్జాలం సామాన్యుల ఇళ్లకు రాలేదు. అమెరికా 1998లోనే 13 ఏళ్లలోపు పిల్లల వివరాల సేకరణపై చట్టం చేసింది. మన దేశంలో 2000 నాటి సమాచార సాంకేతిక చట్టాన్ని 2008లో సవరించి, పిల్లలపై లైంగిక దృశ్యాల తయారీని, వ్యాప్తిని నేరంగా పేర్కొంటూ 67బి సెక్షన్ చేర్చారు. 2012లో పోక్సో చట్టం వచ్చింది. పిల్లల వ్యక్తిగత సమాచారం తీసుకోవడానికి తల్లిదండ్రుల సమ్మతి తప్పనిసరి చేసిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 2023లో వచ్చింది. దాని నియమావళి 2025 నవంబరులో వెలువడింది. ఫోను బడిగా మారిన మూడేళ్లకు ఈ చట్టం వచ్చిందని గమనించండి.

5. ఒకే ఫోను – రెండు ప్రపంచాలు

చట్టంలోని వయోపరిమితి ఇంటి ఫోనుకు తెలియదు. ఖాతా అమ్మ పేరు మీద ఉంటుంది కనుక ఆడుతున్నది ఎనిమిదేళ్ల పాప అయినా యాప్ ఆమెను పెద్దమనిషిగానే లెక్కిస్తుంది. గల్ఫ్ నుంచి బాపు పంపిన డబ్బు వివరాలు, బ్యాంకు ఓటీపీలు కూడా ఆ ఫోనుకే వస్తాయి. ఆటలో నాణేలు ఉచితమని ఆశ చూపే లింకును పిల్లవాడు నొక్కితే నష్టం ఆటతో ఆగకపోవచ్చు. తెలియనివారు ఫోటో అడిగినా, భయపెట్టినా పిల్లలు ఇంట్లో చెప్పరు. తిడతారని, ఫోను లాక్కుంటారని వారి భయం. మోసగాడికి ఆ మౌనమే బలం.

కనుక ఇంట్లో మూడు పనులు చేయవచ్చు. ఫోను నలుగురూ ఉండే చోటే వాడనివ్వడం మొదటిది. డబ్బు చెల్లించే యాప్‌లకు వేరే తాళం పెట్టడం రెండవది. ‘ఏం జరిగినా నాకు చెప్పు, నిన్ను కొట్టను’ అని ముందే మాట ఇచ్చి నిలబెట్టుకోవడం మూడవది. ఈ మూడింటిలో చివరిదే ముఖ్యం. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోను చేయాలి. పిల్లలు ఆపదలో ఉంటే 1098కి చేయాలి. బెదిరింపు సందేశాలను తుడిచివేయకుండా ఆధారంగా దాచాలి.

6. సారాంశం

ఉత్తర తెలంగాణలో ఫోను వలస వల్ల, చౌక డేటా వల్ల, కరోనా వల్ల మూడు దశల్లో పిల్లలకు చేరింది. రక్షణ నియమాలు ప్రతి దశలోనూ వెనుకబడ్డాయి. ఆ ఖాళీని ఇంతకాలం పూడ్చినవారు తల్లులు, అవ్వలు, ఉపాధ్యాయులు. ఈ పాఠం చదువుతున్న మీలో చాలామంది ఆ స్థానంలోనే ఉన్నారు.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. గల్ఫ్ వలసకు, పిల్లల ఫోను వాడకానికి గల సంబంధాన్ని వివరించండి.
2. ఫోను వ్యాప్తి, చట్టాల రాక – ఈ రెండు కాలక్రమాలను పోల్చండి.
3. మీ ఇంటికి ఫోను వచ్చిన క్రమాన్ని పెద్దలను అడిగి ఒక పేజీలో రాయండి.